సొంతంగా కట్టే చిన్న హెలికాప్టర్‌కి పెట్రోల్ ట్యాంక్: ముందు చోటు, తర్వాతే లీటర్లు

సొంతంగా ఒక చిన్న హెలికాప్టర్ కట్టుకోవాలన్న పిచ్చి పట్టినవాళ్ళకి బెంగళూరు కంటే వీలైన ఊరు దక్షిణాదిలో దొరకడం కష్టం. పీణ్యలో లేత్ పని, ఆర్గాన్ వెల్డింగ్ చేసే షెడ్లు వీధికి పది ఉంటాయి, వాటిలో హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు కూడా ఉంటారు కాబట్టి కావలసింది తెలుగులోనే విడమరిచి చెప్పి చేయించుకోవచ్చు. జేసీ రోడ్‌లో బండి సామాన్లు, ఎస్పీ రోడ్‌లో వైర్లూ మీటర్లూ. ఇన్ని అందుబాటులో ఉన్నా ఇలాంటి ప్రాజెక్టుల్లో ఒక పొరపాటు చాలా తేలిగ్గా జరిగిపోతుంది. ఫ్రేమ్ అయిపోతుంది, ఇంజిన్ కూర్చుంటుంది, రోటర్ హెడ్ మీద నెలల తరబడి బుర్ర పెడతారు, అన్నీ అయ్యాక ఆఖర్న పెట్రోల్ ట్యాంక్ గుర్తొస్తుంది, అప్పటికి ఏ సందు మిగిలిందో ఆ సందులో పట్టేలా ఒక డబ్బా చేయిస్తారు.

ఇది తిరగేసిన పద్ధతి. ట్యాంక్‌ని మొదటి డ్రాయింగ్‌లోనే, రోటర్ మాస్ట్, అంటే రోటర్‌ని మోసే నిలువు ఇరుసు, గీత పక్కనే గీయాలి. ఎందుకంటే ఆ యంత్రంలో ఎగురుతుండగా బరువు మారేది అదొక్కటే, పడిపోయినప్పుడు మనిషిని కాల్చేదీ అదొక్కటే.

ముందు లీటర్ల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది సులువు. అల్ట్రాలైట్ అన్న మాటకి చాలామంది పట్టుకునే కొలత అమెరికా నిబంధనల్లోని పార్ట్ 103 నుంచి వచ్చింది. 1982లో వచ్చిన ఆ నిబంధన ప్రకారం ఒక్కరే ఎక్కాలి, ఖాళీ బరువు 254 పౌండ్లకు, అంటే 115 కిలోలకు తక్కువ ఉండాలి, పెట్రోల్ 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లకు కాస్త తక్కువ, మించకూడదు. మస్కిటో లాంటి ఒంటి సీటు కిట్ హెలికాప్టర్ పుట్టింది ఈ కొలతల్ని దృష్టిలో పెట్టుకునే. అయితే లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న అమెరికా సడలింపు మన దేశంలో చెల్లదు, ఇక్కడ మనిషి ఎక్కి ఎగిరేది ఏది గాల్లోకి లేవాలన్నా పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ అనుమతి కావాలి. పైగా బెంగళూరు చుట్టూ జక్కూరు, యలహంక, హెచ్‌ఏఎల్, దేవనహళ్ళి విమానాశ్రయాలు ఉన్నాయి కాబట్టి మన ఇంటి మీది ఆకాశం కూడా ఖాళీది కాదు. అనుమతి సంగతి ట్యాంక్ కంటే ముందే చూసుకోవాలి.

19 లీటర్ల పెట్రోల్ బరువు సుమారు 14 కిలోలు. అరవై హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఇంజిన్ మామూలు ఎగురుడులో గంటకి 16 నుంచి 20 లీటర్లు తాగుతుంది. అంటే చేతిలో ఉన్నది ఒక గంట, అందులో పావుగంట అత్యవసరానికి వదిలేస్తే మిగిలేది ముప్పావుగంట. ఇంత చిన్న లెక్కలో లీటరు వృథా అయినా మూడు నిమిషాలు పోయినట్టే. ట్యాంక్ అడుగున చిక్కుకుపోయి ఇంజిన్‌కి అందని పెట్రోల్ గురించి కిందికి వెళ్ళాక మాట్లాడుకుంటాం, ఈ మూడు నిమిషాల లెక్క అప్పటిదాకా గుర్తుంటే చాలు.

ఇప్పుడు చోటు. చిన్న హెలికాప్టర్ అంటే మాస్ట్‌కి వేలాడుతున్న బరువు, అంతే. రెండు రెక్కల టీటరింగ్ రోటర్, అంటే తూగుడుబల్లలా మధ్యలో ఒకే ఇరుసు మీద ఊగే రోటర్ ఉన్నవాటిలో ఈ మాట మరీ నిజం. సీజీ, అంటే మొత్తం బరువంతా ఒకే బిందువు దగ్గర ఉన్నట్టు లెక్కగట్టే చోటు, మాస్ట్ నుంచి కొంచెం జరిగినా మెషీన్ ఆ వైపు వాలుతుంది, దాన్ని సరిచేయడానికి పైలట్ సైక్లిక్ కర్రని, అంటే రోటర్‌ని కావలసిన వైపు వాల్చే పిడిని, రెండోవైపు పట్టుకుని ఉండాలి, ఆ మేరకు కర్రకి మిగిలిన కదలిక తగ్గిపోతుంది. మెషీన్, మనిషి, పెట్రోల్ కలిపి 220 కిలోలు అనుకుందాం. 14 కిలోల పెట్రోల్ మాస్ట్ గీత నుంచి 40 సెంటీమీటర్లు వెనకో పక్కకో ఉంటే, నిండు ట్యాంక్‌కీ ఖాళీ ట్యాంక్‌కీ మధ్య సీజీ రెండున్నర సెంటీమీటర్లు, అంటే ఒక అంగుళం జరుగుతుంది. అంగుళమే కదా అనిపిస్తుంది. రాబిన్సన్ ఆర్22 లాంటి, ఇంతకంటే బాగా పెద్దదైన హెలికాప్టర్‌లోనే సీజీ పక్కకి జరగడానికి ఇచ్చిన వెసులుబాటు మధ్యగీతకి అటూ ఇటూ రెండు, రెండున్నర అంగుళాలు. అందులో ఒక అంగుళం ట్యాంకే తినేస్తే సన్నగా ఉన్న పైలట్‌కీ లావుగా ఉన్న పైలట్‌కీ తేడా ఎక్కడ సర్దుతారు?

ఇదే బెంగళూరులో హెచ్‌ఏఎల్ 1960ల నుంచి చేస్తూ వచ్చిన చేతక్, ఆ తర్వాతి చీతా హెలికాప్టర్లు చూడండి. ట్యాంక్ కేబిన్ వెనక, రోటర్ కిందుగా, మధ్యలో ఉంటుంది. ఎంత ఇంధనం ఖర్చయినా బరువు తగ్గేది రోటర్ కిందే కాబట్టి మెషీన్ ముందుకో వెనక్కో పెద్దగా వాలదు. పక్కన పెట్టక తప్పకపోతే దానికి ఎదురుగా ఇంకో బరువు ఉండాలి. ఆర్22లో మెయిన్ ట్యాంక్ ఎడమవైపు ఉంటుంది, ఒక్కడే ఎగిరే పైలట్ కుడివైపు కూర్చుంటాడు. ఒంటి సీటు మెషీన్‌లో మనిషి సరిగ్గా మధ్యలో కూర్చుంటాడు కాబట్టి ఆ వెసులుబాటు లేదు, ట్యాంకూ మధ్యలోనే ఉండాలి, లేదా రెండు చిన్న ట్యాంకులు చెరోవైపు పెట్టి వాటిని అడుగున లావుపాటి పైపుతోనూ పైన గాలి పైపుతోనూ కలపాలి. రెండు ట్యాంకులంటే రెండింతల కీళ్ళు, రెండింతల కారే చోట్లు. ఒకే ట్యాంక్, సీటు వెనక, మాస్ట్‌కి వీలైనంత దగ్గరగా, మధ్యగీత మీద: దీనికి మించిన చోటు ఒంటి సీటు హెలికాప్టర్‌లో కనిపించదు.

ఎత్తు విషయంలో మాత్రం నిజంగా తర్జనభర్జన ఉంటుంది. ట్యాంక్ కార్బురేటర్ కంటే పైన ఉంటే పెట్రోల్ తనంతట తనే కిందికి దిగుతుంది, పంపు అక్కర్లేదు, పంపు లేకపోతే పంపు చెడిపోవడమూ ఉండదు. కానీ అప్పుడు పెట్రోల్ ఎర్రగా కాలే సైలెన్సర్‌కి పైన ఉంటుంది, ఒక కీలు వదులైతే బొట్లు ఎక్కడ పడతాయో వేరే చెప్పక్కర్లేదు. పెట్రోల్ తనంతట అంటుకోవడానికి 280 డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలు, టూ-స్ట్రోక్ ఎగ్జాస్ట్ పైపు మొదట్లో అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. ట్యాంక్ మరీ కింద, స్కిడ్ల దగ్గర, అంటే హెలికాప్టర్ నేల మీద ఆనే గొట్టాల కాళ్ళ దగ్గర, పెడితే ఈ భయం తగ్గుతుంది గానీ గట్టిగా దిగినప్పుడు స్కిడ్లు విచ్చుకుని ముందుగా నేలకి గుద్దుకునేది ట్యాంకే. క్రాంక్‌కేస్ ఒత్తిడితో నడిచే పల్స్ పంపు పెడితే ట్యాంక్ సీటు వీపు ఎత్తులో ఉండొచ్చు, ఎగ్జాస్ట్‌కి ఎదురువైపు ఉండొచ్చు, మధ్యలో ఒక పల్చటి స్టీల్ రేకు అడ్డం పెట్టొచ్చు. పంపు ఒకటి అదనంగా వచ్చినా ఈ దారే మేలనిపిస్తుంది.

ఆకారం దగ్గర అసలు కథ ఉంది. ఎక్కువమంది గీసేది అడుగు చదునుగా ఉన్న డబ్బా, ఎందుకంటే రేకు మడవడం తేలిక. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న చదును అడుగు తీసుకోండి, పెట్రోల్ బయటికి పోయే రంధ్రం ఒక చివర ఉందనుకోండి. మెషీన్ రెండో చివర వైపు 5 డిగ్రీలు వాలితే ఆ మూలలో ముక్కోణంగా నిలిచిపోయే పెట్రోల్ 2 లీటర్ల పైమాటే. గేజీ ఇంకా ఉందంటుంది, ఇంజిన్ ఆగిపోతుంది. ఆరేడు నిమిషాల ఎగురుడు ట్యాంక్‌లోనే ఉండిపోయింది. అదే రంధ్రం మధ్యలోకి మారిస్తే చిక్కుకునేది అర లీటరుకి వస్తుంది. అడుగు నాలుగువైపుల నుంచీ మధ్యకి వాలి ఒక చిన్న గుంటలో ముగిస్తే దాదాపు ఏమీ చిక్కదు. ఇంటి ముందు నీళ్ళ సంప్ కట్టేటప్పుడు మోటారు ఫుట్‌వాల్వ్ కోసం అడుగున ఒక చిన్న గుంట వదులుతారు చూడండి, సరిగ్గా అదే పని.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తలకిందులుగా అర్థమవుతుంది. ముక్కు దించి ముందుకి దూకగానే పెట్రోల్ అంతా ముందుకి పరుగెత్తుతుందని అనుకుంటారు. వేగం పెరుగుతున్నంతసేపు అలా జరగదు, ఎందుకంటే మెషీన్ ముందుకి తోసుకుపోతుంటే పెట్రోల్ వెనకపడుతుంది, రెండూ కలిసి పెట్రోల్ మట్టం దాదాపు రోటర్ తిరిగే పళ్ళేనికి సమాంతరంగానే ఉంటుంది. వేగం స్థిరపడ్డాక, ముక్కు కిందికే ఉండి మెషీన్ ఒకే వేగంతో పోతున్నప్పుడు, అప్పుడు పెట్రోల్ ముందుకి చేరుతుంది. అలాగే గాల్లో కదలకుండా నిలబడ్డప్పుడు తోక రోటర్ తోపుడిని ఆపడానికి మెషీన్ కొద్దిగా ఒక పక్కకి ఒరిగి నిలబడుతుంది, పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరిగే రోటర్ అయితే ఎడమ స్కిడ్ కిందికి. కాబట్టి పెట్రోల్ తీసుకునే గుంట మధ్యగీతకి కొంచెం ముందు, నిలకడగా ఒరిగే పక్కకి కొంచెం దగ్గరగా ఉంటే మంచిది. ఇది తేల్చడానికి కాగితం చాలు, రెండు కోణాలు గీసుకుని చూస్తే తెలిసిపోతుంది.

ఇంతగా ఎందుకు పట్టించుకోవాలంటే, రెక్కల విమానంలో ఇంజిన్ ఒక్క క్షణం దగ్గితే అది జారుతూ పోతుంది, పైలట్ తేరుకుంటాడు. తేలికపాటి రోటర్ ఉన్న చిన్న హెలికాప్టర్‌లో ఇంజిన్ ఆగిన ఒకటి రెండు సెకన్లలో కలెక్టివ్, అంటే రెండు రెక్కల కోణాన్నీ ఒకేసారి మార్చే లివర్, కిందికి పడకపోతే రోటర్ వేగం పడిపోతుంది, ఆ తర్వాత దాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టం. ఒక గాలి బుడగ పైపులోకి వెళ్ళడం ఇక్కడ చిన్న విషయం కాదు. ట్యాంక్ లోపల ఒకటో రెండో అడ్డు పలకలు పెట్టేది ఇందుకే. పెట్రోల్ అటూ ఇటూ ఒక్కసారిగా విసురుకోకుండా అవి ఆపుతాయి. పలకల కింది మూలలు కత్తిరించి వదలాలి, పెట్రోల్ గుంటలోకి రావడానికి, పై మూలలు కూడా కత్తిరించాలి, గాలి తిరగడానికి. ఇది మరిచి మూసేసిన పలక పెడితే ఒకే ట్యాంక్‌లో రెండు గదులై కూర్చుంటాయి.

ఏ సరుకుతో చేయాలి అన్న ప్రశ్నకి మన దగ్గర జవాబు మారిపోయింది, కారణం ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే ఐదో వంతు ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత డ్రాయింగులు, పాత సలహాలు అన్నీ ఇథనాల్ లేని కాలానివి. మామూలు పాలియెస్టర్ రెజిన్‌తో చేసిన ఫైబర్ ట్యాంక్‌ని ఇథనాల్ మెల్లగా మెత్తబరుస్తుంది, కరిగిన రెజిన్ జిగురులా కార్బురేటర్ జెట్‌లో చేరుతుంది. ఫైబరే కావాలంటే వినైల్ ఎస్టర్ లాంటి రెజిన్ వాడాలి, అదీ పరీక్షించి. కొన్ని రబ్బరు పైపులు ఉబ్బుతాయి, పారదర్శకంగా ఉండే చవక పైపులు కొన్నాళ్ళకే పసుపెక్కి కర్రలా బిగుసుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమని కూడా పీల్చుకుంటుంది, నీళ్ళు మోతాదు మించితే ఇథనాలూ నీళ్ళూ కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి, టూ-స్ట్రోక్‌లో ఆ పొరలో ఆయిల్ ఉండదు, అది ఇంజిన్‌లోకి వెళితే ఇంజిన్ చుక్క ఆయిల్ లేకుండా తిరిగినట్టే. ఇంజిన్ ఎంత ఇథనాల్ దాకా ఒప్పుకుంటుందో తయారీదారు పుస్తకంలో చూసి తీరాలి, రోటాక్స్ 912 లాంటి పేరున్న ఇంజిన్‌కే ఆ హద్దు 10 శాతం.

ఖరీదైన ల్యాబ్ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. ట్యాంక్‌లో, దారిలో పెట్రోల్ తగిలే ప్రతి సరుకు ముక్క, అంటే రెజిన్ ముక్క, పైపు ముక్క, వాషరు, సీలు పూసిన రేకు, ఒక్కోటి తూకం వేసి, కొలత రాసుకుని, మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో మీరు నిజంగా వాడబోయే బంకు పెట్రోల్‌లో నెల రోజులు నానబెట్టాలి. ఇంట్లో కాదు, గాలి ఆడే షెడ్డులో, నీడలో. నెల తర్వాత ఏది ఉబ్బిందో, ఏది మెత్తబడిందో, ఏ సీసాలో పెట్రోల్ రంగు మారిందో చూస్తే అమ్మేవాడి మాట మీద ఆధారపడే పని ఉండదు.

అన్నీ లెక్క వేసుకుంటే 5052 అల్యూమినియం మంచి ఎంపిక. వెల్డింగ్‌కి లొంగుతుంది, తుప్పుకి ఆగుతుంది, మడిస్తే పగలదు. 25 సెంటీమీటర్ల వ్యాసం, 41 సెంటీమీటర్ల పొడవు ఉన్న గుండ్రటి ట్యాంక్‌లో 20 లీటర్లు పడతాయి, 1.2 మిల్లీమీటర్ల రేకుతో చేస్తే ఒట్టి గోడల బరువు కిలోన్నర లోపే. ప్లాస్టిక్, అంటే దళసరి పాలిథీన్ ట్యాంక్ కూడా చెడ్డది కాదు, దెబ్బ తగిలితే చిట్లకుండా సొట్టపోయి తిరిగి వస్తుంది, అతుకులుండవు. కానీ వేడికి వంగుతుంది, పెట్రోల్‌కి కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి బిగుతుగా ఇరికించకూడదు, పైగా మనకి కావలసిన ఆకారంలో దొరకదు, దొరికిన ఆకారానికి హెలికాప్టర్‌ని సర్దాల్సి వస్తుంది. ఇత్తడి నిపుళ్ళు అల్యూమినియంలోకి నేరుగా బిగించొద్దు, తడి తగిలిన చోట అల్యూమినియం తినేసుకుపోతుంది. ఫిట్టింగులు కూడా అల్యూమినియంవే చేయించాలి, గోడకి ఒక దళసరి బుష్ వెల్డ్ చేసి దానిలో మరలు కోయించాలి.

పల్చటి అల్యూమినియం వెల్డింగ్ మామూలు గేటు వెల్డింగ్ చేసేవాళ్ళ పని కాదు. ఏసీ ఆర్గాన్ వెల్డింగ్ మీద చేయి తిరిగినవాళ్ళని వెతుక్కోవాలి, ముందు అదే రేకు తుంపు మీద ఒక కీలు వేయించి, దాన్ని వంచి విరగ్గొట్టి చూడాలి. మొహమాటపడే సందర్భం కాదు, మంచి పనివాడు ఆ పరీక్షకి ఏమీ అనుకోడు. ఇంకో మాట, ఒకసారి పెట్రోల్ పోసిన ట్యాంక్‌కి మళ్ళీ వెల్డింగ్ పెట్టకూడదు. కడిగాం, ఆరబెట్టాం అన్నా అతుకుల్లో దాక్కున్న ఆవిరి చాలు పేలడానికి. గాలిలో పెట్రోల్ ఆవిరి ఒకటిన్నర శాతం లోపు ఉన్నా అంటుకుంటుంది. కారితే ఇంకోటి చేయించుకోవాలి.

కారుతుందో లేదో చూడటానికి అమెరికా హెలికాప్టర్ల నిబంధనల్లో మామూలు లోహపు ట్యాంక్‌కి చెప్పిన పరీక్ష ఒత్తిడి 3.5 పీఎస్‌ఐ. చిన్న సంఖ్యలా ఉంది కదా. 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు ఉన్న ఒక చదును గోడ మీద ఆ ఒత్తిడి సుమారు 295 కిలోల తోపుడు. నలుగురు మనుషులు లోపలి నుంచి తోసినట్టు. చదును గోడలున్న డబ్బా అందుకే పూరీలా ఉబ్బుతుంది, మూలల్లో వెల్డింగ్ చిట్లుతుంది. గుండ్రటి గోడకి అదే ఒత్తిడి లెక్కలోకే రాదు. డబ్బా ఆకారమే తప్పదంటే అడ్డు పలకల్ని రెండు గోడలకీ వెల్డ్ చేసి కట్టుకోవాలి, గోడల మీద ముడతలాంటి గాడి నొక్కించాలి. ఈ పరీక్ష కంప్రెసర్ గాలితో చేయకూడదు, గాలి నిండిన డబ్బా పగిలితే రేకు ముక్క కత్తిలా ఎగురుతుంది. నీళ్ళు చాలు. ట్యాంక్ నిండా నీళ్ళు నింపి, ఒక సన్నపైపు దానికి బిగించి, ఆ పైపుని రెండున్నర మీటర్లకి కాస్త తక్కువ ఎత్తుకి, మేడ మెట్ల కమ్మీకి కట్టి, పైదాకా నీళ్ళు పోస్తే ఒత్తిడి సరిగ్గా 3.5 పీఎస్‌ఐ అవుతుంది. గంటసేపు వదిలేసి కీళ్ళన్నీ పొడి కాగితంతో తడిమి చూడాలి. తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి.

నిండా నింపే ట్యాంక్‌లోనూ కొంత చోటు ఖాళీగా మిగలాలి. నిబంధన 2 శాతం అంటుంది. ఎందుకో తెలియాలంటే బంకు నుంచి వచ్చిన చల్లటి పెట్రోల్‌ని ఎండలో పెట్టి 20 డిగ్రీలు వేడెక్కనివ్వండి, 19 లీటర్లు దాదాపు 360 మిల్లీలీటర్లు పెరుగుతుంది, అది సరిగ్గా ఆ 2 శాతం దగ్గరికే వస్తుంది. మూత మెడని ట్యాంక్ లోపలికి కొంచెం దించి వెల్డ్ చేస్తే ఎంత పోసినా పైన ఆ చోటు తనంతట మిగిలిపోతుంది, పోసేవాళ్ళ జాగ్రత్త మీద ఆధారపడక్కర్లేదు. అడుగున గుంటకి కనీసం పావు లీటరు పట్టాలి, దాని కింద ఒక డ్రెయిన్ వాల్వ్ ఉండాలి, ప్రతిరోజూ మొదటి ఎగురుడుకి ముందు ఒక గాజు గ్లాసులోకి కొంచెం వదిలి నీళ్ళున్నాయేమో చూడాలి. బయటికి పోయే రంధ్రం మీద అంగుళానికి 8 నుంచి 16 గళ్ళున్న జాలీ ఉండాలి, సన్నది కాదు. సన్నటి వడపోత తర్వాతి ఫిల్టర్ పని, లోపల సన్న జాలీ పెడితే అది మూసుకున్నప్పుడు చేయి వెళ్ళని చోట మూసుకుంటుంది.

గాలి పైపు, అంటే వెంట్, చూడటానికి ఏమీ లేదు గానీ ఇంజిన్ ఆపే శక్తి దానికుంది. పెట్రోల్ బయటికి పోయినంత గాలి లోపలికి రాకపోతే ట్యాంక్ పీల్చుకుపోతుంది, పంపు లాగలేదు. మన ఊళ్ళలో కందిరీగలకి సన్న గొట్టం కనిపిస్తే మట్టి గూడు కట్టడానికి రెండు రోజులు చాలు. గొట్టం చివర ఏటవాలుగా కోసి, జాలీ పెట్టి, దాని వెనక ఇంకో చిన్న రంధ్రం వదలాలి. మెషీన్ నిలిపి ఉంచినప్పుడు ఎర్ర రిబ్బన్ కట్టిన మూత పెట్టాలి, ఎగిరేముందు తీయాలి.

వెంట్‌కి ఇంకో పరీక్ష ఉంది, అది పక్కకి దొర్లిపడటం. హెలికాప్టర్లు నేల మీదే, ఒక స్కిడ్ దేనికో తగులుకుని, పక్కకి దొర్లడం అరుదైన విషయం కాదు. పడ్డప్పుడు చాలాసార్లు మనిషి క్షేమంగానే ఉంటాడు, ఆ తర్వాత పెట్రోల్ కారుతుందా లేదా అన్నదే మిగతా కథ తేలుస్తుంది. వెంట్ పైపు ట్యాంక్ పైభాగాన ఒక పక్క మొదలై, ట్యాంక్ చుట్టూ తిరిగి, ఎదురు పక్క బయటికి వస్తే ఏ పక్కకి దొర్లినా పైపులో ఏదో ఒక భాగం పెట్రోల్ మట్టానికి పైనే ఉంటుంది. తలకిందులైతే మూసుకునే చిన్న బంతి వాల్వ్ కార్లలో ఉంటుంది, జేసీ రోడ్‌లో అడిగి చూడొచ్చు. పెట్రోల్ పోసే మూత కూడా తాళం పడే రకం ఉండాలి, ఒట్టి నొక్కుడు మూత కాదు.

మంట గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. అమెరికా సైన్యం 1970 నుంచి తన హ్యూయీ హెలికాప్టర్లకి చిరగని రబ్బరు సంచీ ట్యాంకులు, తెగిన వెంటనే రెండువైపులా మూసుకునే పైపు జోడీలు పెట్టుకుంటూ వచ్చాక, మనిషి బతకగలిగిన ప్రమాదాల్లో మంటల వల్ల చనిపోవడం దాదాపు ఆగిపోయింది. చిన్నవాటిలో చూస్తే రాబిన్సన్ ఆర్44కి రేకు ట్యాంకుల స్థానంలో సంచీ ట్యాంకులు వేయించుకోమని తయారీదారే 2010లో చెప్పాల్సి వచ్చింది. కొత్త డిజైన్లకి అమెరికా నిబంధన ప్రకారం ట్యాంక్‌లో 80 శాతం నీళ్ళు నింపి 50 అడుగుల ఎత్తు నుంచి పడేస్తే కారకూడదు. అల్ట్రాలైట్‌కి ఇదేదీ తప్పనిసరి కాదు. కానీ ఫిజిక్స్‌కి ఆ మినహాయింపు తెలియదు. 50 అడుగుల పరీక్షకి ఆగే ట్యాంక్ ఇంట్లో చేయడం కష్టమే, ఆ దిశలో కొన్ని మాత్రం ఎవరైనా చేయగలరు: ట్యాంక్ లోపల రబ్బరు సంచీ, పైపుల్లో వదులు, చిట్లే గాజు ఫిల్టర్‌కి బదులు లోహపు ఫిల్టర్, ట్యాంక్ చుట్టూ పొడుచుకొచ్చిన బోల్టు తలలేవీ లేకుండా చూడటం. ఫ్రేమ్ వంగితే ఏ పైపు మొన ట్యాంక్‌లోకి దిగుతుందో ముందే వేలితో చూపించగలగాలి.

కట్టడం కూడా అదే లెక్కలోది. పైలట్ వెనక ఉన్న ట్యాంక్ ఊడి వచ్చి మనిషిని గుద్దకుండా ఉండాలంటే ముందుకి 8 రెట్ల బరువుకి ఆగాలని ఆ నిబంధనలే చెబుతాయి. పెట్రోల్, ట్యాంక్ కలిపి 16 కిలోలంటే 128 కిలోల లాగుడు. రెండు హోస్ క్లిప్పులతో అయ్యే పని కాదు. వెడల్పాటి పట్టీలు రెండు, ట్యాంక్ కింద తొట్టిలాంటి ఆసరా, మధ్యలో పెట్రోల్ పీల్చని రబ్బరు. గుడ్డ, ఉన్ని లాంటివి తడి పట్టి అల్యూమినియాన్ని తింటాయి, వద్దు. ట్యాంక్‌కి చెవులు వెల్డ్ చేసి వాటితో ఫ్రేమ్‌కి బోల్టు బిగించడం అందరికీ తట్టే పద్ధతి, అదే అన్నిటికంటే తొందరగా చిట్లేదీ. నిమిషానికి 540 చుట్లు తిరిగే రోటర్ సెకనుకి తొమ్మిదిసార్లు, రెండు రెక్కలు కాబట్టి పద్దెనిమిదిసార్లు ఫ్రేమ్‌ని కుదుపుతుంది, ఒక్క గంటలో అరవై వేలకి పైగా కుదుపులు. ఆ కుదుపంతా చెవి వెల్డింగ్ అంచున చేరుతుంది. పట్టీల మీద కూర్చున్న ట్యాంక్‌కి ఆ బాధ లేదు, ఫ్రేమ్ వంగినా దాని గోడ వంగదు.

బెంగళూరు ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన గాలి ఒత్తిడి తక్కువ, పెట్రోల్ తొందరగా ఆవిరవుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం ఎగిరి దిగి, పది నిమిషాలు ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఇంజిన్ పక్క పైపులో పెట్రోల్ బుడగలు కట్టి ఉంటుంది. పైపు ఎక్కడా పైకి లేచి మళ్ళీ దిగే వంపు లేకుండా, ఎగ్జాస్ట్‌కి దూరంగా, మంటకి ఆగే తొడుగుతో వేయాలి. పెట్రోల్ ఆపే కాక్ బెల్టు పెట్టుకుని కూర్చున్న పైలట్ చేతికి అందాలి, వెనక్కి తిరిగి వెతుక్కునే చోట ఉంటే లేనట్టే.

అన్నీ బిగించాక కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి ఒక కొలత గిన్నెలోకి వదలాలి. పూర్తి పవర్‌లో గంటకి 26 లీటర్లు కావాలనుకుంటే, తనంతట దిగే ఏర్పాటుకి దాని ఒకటిన్నర రెట్లు, అంటే నిమిషానికి 650 మిల్లీలీటర్లు రావాలి. పంపు అయితే ఒకటింబావు రెట్లు చాలు, పల్స్ పంపు ఇంజిన్ తిరిగితేనే పనిచేస్తుంది కాబట్టి దానికి ఆ పల్స్ ఇచ్చే ఏర్పాటు వేరే చేసి కొలవాలి. నిండు ట్యాంక్‌తో కాదు, అడుగున ఆఖరి లీటరు ఉన్నప్పుడు, మెషీన్ ముక్కు కిందికి వంచి ఒకసారి, పక్కకి ఒరిగించి ఒకసారి. ధార తెగిన క్షణాన లోపల మిగిలిన పెట్రోల్‌ని డ్రెయిన్ నుంచి తీసి కొలిస్తే అదే వాడుకోలేని పెట్రోల్, ఆ సంఖ్యని గేజీ పక్కన పెయింట్‌తో రాయాలి. తర్వాత లీటరు లీటరు పోస్తూ గేజీ ఎక్కడ నిలిచిందో గీత పెట్టుకోవాలి, ముల్లు చూపే సగం ఎప్పుడూ నిజమైన సగం కాదు. పోసేటప్పుడు క్యాన్‌కీ ట్యాంక్‌కీ ఫ్రేమ్‌కీ ఒక వైరు కలపాలి, ప్లాస్టిక్ క్యాన్‌తో ప్లాస్టిక్ షీటు మీద నిలబడి పోయకూడదు. లైసెన్సు లేకుండా సొంతానికి ఉంచుకోగల పెట్రోల్ మన చట్టంలో 30 లీటర్లు, షెడ్డులో అంతకు మించి పోగేయొద్దు.

మొదటి పది గంటల ఎగురుడు అయ్యాక పట్టీలు విప్పి ట్యాంక్‌ని బయటికి తీయాలి. రబ్బరు అంచుల్లో నల్లటి పొడి కనిపిస్తే అది మురికి కాదు, అల్యూమినియం రాసుకుపోయిన పొడి. దాన్ని తుడిచేసి మళ్ళీ బిగించకుండా ఆ చోట వేలి గోరుతో గీకి గాడి పడిందేమో చూడాలి, గాడి తగిలితే ట్యాంక్ మార్చాలి, తగలకపోతే రబ్బరు మార్చి పట్టీ వెడల్పు పెంచి, ఇంకో ఐదు గంటల తర్వాత మళ్ళీ విప్పి చూడాలి.